మొదటి సంవత్సరం ఇంజినీరింగ్ డిజైన్ ప్రాజెక్టు చేసే పద్ధతి: ఒక నీళ్ల క్యాను, రెండు గడపలు

ఇంటర్మీడియట్ రెండేళ్లూ ఎంట్రన్సు పరీక్షల లెక్కలు చేసి ఇంజినీరింగ్ కాలేజీలో అడుగుపెట్టిన విద్యార్థికి మొదటి సంవత్సరంలోని డిజైన్ కోర్సు కొంత అయోమయం కలిగిస్తుంది. అప్పటిదాకా చేసిన ప్రతి లెక్కలోనూ ఇచ్చినవేవో, కనుక్కోవలసినదేదో ముందే అచ్చువేసి ఉండేవి. ఈ కోర్సులో ఆ రెండింటినీ విద్యార్థే తేల్చుకోవాలి. చాలా ఏళ్లుగా నేను మొదటి సంవత్సరం వారికి ఈ కోర్సు చెబుతున్నాను. ప్రాజెక్టులు ఎందుకు చెడిపోతున్నాయని వెతికితే రంపం సరిగా పట్టకపోవడమో, బోల్టు వదులుగా ఉండడమో అరుదుగా కనిపిస్తుంది. మనుషులు చెప్పుకున్న ఇబ్బందిని కొలిచి అంకెల్లోకి తెచ్చుకోకముందే తయారీకి దిగడమే ఎక్కువసార్లు కారణం అవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో ఆ మెట్టు దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఉదాహరణకు మా తరగతిలో ఐదుగురు విద్యార్థుల జట్టు 14 వారాల్లో చేసిన ఒక చిన్న ప్రాజెక్టును తీసుకుంటాను. మంచినీళ్ల ప్లాంటు నుంచి వచ్చే 20 లీటర్ల క్యానును ఇంటి గుమ్మం దగ్గర నుంచి వంటింటిదాకా చేర్చడం వారి పని. చూడడానికి ఇది చాలా మామూలు సంగతిలా ఉంటుంది కానీ, ఒక డిజైన్ కోర్సులో నేర్చుకోవలసినదంతా ఇందులో ఉంది. మీ ప్రాజెక్టు వేరేదైనా నడిచే దారి ఇదే.

జట్టు, నోటుపుస్తకం

జట్టులో నలుగురు లేదా ఐదుగురు ఉండడం మంచిది. ముగ్గురైతే పని మీద పడుతుంది, ఆరుగురైతే ఇద్దరు ఊరకే కూర్చుంటారు. మొదటి రోజే కుట్టు వేసిన బౌండు నోటుపుస్తకం ఒకటి కొని, ప్రతి పేజీకీ నంబరు వేసుకోండి. జట్టు కలిసిన ప్రతిసారీ తేదీ, వచ్చినవారి పేర్లు, కొలతలు, గీతలు, తీసుకున్న నిర్ణయం, దానికి కారణం అందులో పెన్నుతో రాయాలి. తప్పు రాసినప్పుడు ఒక్క గీతతో కొట్టివేయాలి గాని పేజీ చించకూడదు, ఎందుకంటే నాలుగో వారంలో కొట్టివేసిన ఆలోచన పదో వారంలో పనికొచ్చిన సందర్భాలు నేను ఎన్నో చూశాను. వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకున్నది ఈ పుస్తకంలోకి ఎక్కకపోతే పరీక్ష నాటికి ఎవరికీ గుర్తుండదు.

ముందు వెళ్లి చూడండి

నల్గొండ, యాదాద్రి జిల్లాల చేనేత ప్రాంతం విద్యార్థులకు చింతకింది మల్లేశం గారి సంగతి తెలిసే ఉంటుంది. పోచంపల్లి పద్ధతి చీర నేయాలంటే ముందుగా ఆసు పోయాలి, అంటే దారాన్ని వరుసగా అమర్చిన మేకుల చుట్టూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు చేయి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించవలసి వస్తుంది. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పిని చిన్నప్పటి నుంచి చూసిన మల్లేశం, ఏళ్ల తరబడి ప్రయత్నించి 1999 నాటికి ఆ పని చేసే యంత్రాన్ని తయారుచేసి, దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన ఎవరినీ సర్వే చేయనక్కరలేకపోయింది, ఆ నొప్పి ఇంట్లోనే ఉంది. మీరు ఎంచుకునే సమస్య చాలావరకు మీ ఇంటిది అయి ఉండదు కనుక, ఆ లోటును కళ్లతో చూసి, చేత్తో కొలిచి పూడ్చుకోవాలి.

మా జట్టు తొలి వారంలోనే ఒక పరిష్కారంతో వచ్చింది. క్యానును మోటారుతో వంచే స్టాండు, దాన్ని నడిపించడానికి ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు, నీరు తగ్గితే ఫోనుకు సందేశం పంపే సెన్సరు వారి ఆలోచన. విడిభాగాల జాబితా కూడా సిద్ధం చేసుకున్నారు. ఏదీ కొనకముందు క్యాను తెప్పించుకునే ఒక ఇంటికి వెళ్లి, వచ్చే రోజున అక్కడే ఉండి చూసి రమ్మన్నాను. వారు ఎంచుకున్న ఇంట్లో అరవై ఏళ్లు దాటిన ఒక మామ్మగారు ఒంటరిగా ఉంటారు, మోకాళ్ల నొప్పి ఉంది. మొదటి ప్రశ్నగా ఒక విద్యార్థి, "మామ్మగారూ, క్యాను ఎత్తడం కష్టంగా ఉందా?" అని అడిగాడు. ఆవిడ "అవును నాయనా" అన్నారు. ఆ జవాబుతో చేయగలిగింది ఏమీ లేదు, ఎందుకంటే ప్రశ్నలోనే జవాబు ఉంది. రెండో విద్యార్థిని అడిగిన తీరు బాగుంది: "నిన్న క్యాను వచ్చాక ఏం చేశారండీ?"

"ఏముందమ్మా, కుర్రాడు గుమ్మం బయట పెట్టి వెళ్లిపోయాడు. కాస్త వంచి చెంబులోకి ఒంపుకుని, చెంబు చెంబూ వంటింట్లో బిందెలో పోసుకున్నాను. మా అబ్బాయి పంపు కొనిచ్చాడు గానీ, క్యాను లోపలికి వస్తే కదా!"

ఈ మూడు వాక్యాలతో ప్రాజెక్టు దిశ మారిపోయింది. క్యాను మూతికి బిగించి బటన్ నొక్కితే నీళ్లు వచ్చే చార్జింగ్ పంపు ఆవిడ దగ్గర ఇప్పటికే ఉంది కాబట్టి, వంచే స్టాండు ఆవిడకు అక్కరలేదు. అసలు కష్టం గుమ్మానికీ వంటింటికీ మధ్య ఉంది. విద్యార్థులు టేపుతో ఆ దూరం కొలిస్తే 9 మీటర్లు వచ్చింది. చెంబుకు లీటరుంపావు చొప్పున 20 లీటర్లకు 16 చెంబులు, రానూపోనూ కలిపితే 288 మీటర్ల నడక. దారిలో రెండు గడపలు ఉన్నాయి. "కష్టంగా ఉంది" అన్న మాట ఇప్పుడు 16 సార్లు, 288 మీటర్లు, రెండు గడపలు అయింది. ఇక్కడి నుంచి ఇంజినీరింగ్ మొదలవుతుంది.

చూడడానికి వెళ్లినప్పుడు ఆ పనిలో భాగమైన ఇతరులతో కూడా మాట్లాడాలి. క్యాను వేసే కుర్రాడిని అడిగితే, తాను లోపలికి వచ్చి పెట్టేంత సమయం ఉండదని, గుమ్మం బయట బండి లాంటిదేదైనా ఉంటే నేల మీద పెట్టే బదులు దాని మీద పెడతానని, అయితే అది జానెడు ఎత్తు ఉంటే మాత్రం కుదరదని చెప్పాడు. క్యానును బండి మీదికి ఎవరు ఎక్కించాలన్న పెద్ద చిక్కు ఆ ఒక్క మాటతో తీరిపోయింది.

సమస్య వాక్యం, అవసరాల పట్టిక

చూసి వచ్చాక సమస్యను ఒకటి రెండు వాక్యాల్లో రాయండి. ఆ వాక్యంలో మీరు చేయబోయే వస్తువు పేరు ఉండకూడదు. "వృద్ధుల కోసం స్మార్ట్ వాటర్ స్టాండు తయారుచేయడం" అని రాస్తే మిగిలిన దారులన్నీ మీరే మూసేసుకున్నట్టు. జట్టు చివరికి రాసుకున్నది ఇది: మోకాళ్ల నొప్పితో ఒంటరిగా ఉండే వృద్ధురాలు, నిండు క్యానును గుమ్మం బయటి నుంచి 9 మీటర్ల దూరంలోని వంటింటికి, రెండు గడపలు దాటించి, ఎవరి సాయమూ లేకుండా చేర్చుకోగలగాలి.

తరువాత అవసరాల పట్టిక వేయాలి. ప్రతి అవసరానికీ మూడు గడులు ఉంటాయి: ఏమి కావాలి, ఎంత కావాలి, దాన్ని ఎలా పరీక్షిస్తాము. మూడో గడి నింపలేని అవసరం ఇంకా అవసరంగా మారలేదని అర్థం. "తేలికగా లాగగలగాలి" అన్నది మాట మాత్రమే. దాన్ని అంకెగా మార్చడానికి విద్యార్థులు ప్రయాణాల్లో సామాను తూచే కొక్కెం త్రాసును ఒక కిటికీ ఊచకు తాడుతో కట్టి, తాడు రెండో కొసను మామ్మగారి చేతికిచ్చి, ఇబ్బంది లేకుండా ఎంతవరకు లాగగలరో అంత లాగమన్నారు. మూడుసార్లు లాగిస్తే సుమారు 8 కిలోల దగ్గర ఆగింది. ఆ రోజు నుంచి ప్రాజెక్టు మొత్తం ఆ 8 చుట్టూ తిరిగింది.

ఇక్కడ ప్రమాణాల విషయం ఒక మాట చెప్పాలి. త్రాసు కిలోలు చూపిస్తుంది, మెకానిక్స్ పాఠంలో బలాన్ని న్యూటన్లలో చెబుతాము. 8 కిలోల లాగుడు అంటే సుమారు 78 న్యూటన్లు. ఏది వాడినా సరే, పట్టిక మొదటి వరుసలోనే రాసి చివరిదాకా అదే వాడండి. 1999 సెప్టెంబరులో నాసా వారి మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే అంతరిక్ష నౌక అంగారకుడి దగ్గర నాశనమవడానికి మూలం, భూమి మీది ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ ప్రమాణంలో ఇచ్చిన అంకెలను రెండోది న్యూటన్ ప్రమాణంగా తీసుకోవడమే. ఈ వ్యాసంలో నేను త్రాసు చూపే కిలోలనే వాడతాను.

గడప ఎత్తు కోసం విద్యార్థులు అదే వీధిలో ఎనిమిది ఇళ్లు కొలిచారు. ఆరు ఇళ్లలో 2.5 సెంటీమీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉంది, రెండు పాత ఇళ్లలో 4 దాకా ఉంది. మామ్మగారి రెండు గడపలూ 2.5 ఉన్నాయి. 2.5 కే డిజైన్ చేస్తామని, మిగతా రెండు ఇళ్లకు ఇది సరిపోదని పట్టికలోనే రాసి పెట్టారు. ఇలా ఎవరికి పనికిరాదో ముందే రాసుకోవడం నిజాయితీ అయిన పని, పరీక్షకులు కూడా దాన్ని గుర్తిస్తారు.

ఏ పుస్తకంలోనూ దొరకని అవసరం ఒకటి ఇంకో రోజు మాటల్లో బయటపడింది. గడపకు అటూ ఇటూ చెక్క ఏటవాలు బిగిస్తే చక్రం సులువుగా ఎక్కుతుంది కదా అని ఒకరు అనగానే, మామ్మగారు ఒప్పుకోలేదు. "చక్రం దాటితే దాటనీ బాబూ, గడపను మాత్రం మూసేయకండి. శుక్రవారం పసుపు రాసుకోవాలి" అన్నారు. గడపకు ఏదీ శాశ్వతంగా బిగించకూడదు అన్నది పట్టికలో అన్నిటికన్నా పైన చేరింది. వాడేవారి నమ్మకం, అలవాటు కూడా బరువు, ఎత్తులలాగే కొలతలో భాగమని అనుకుని పని చేయండి.

ఊహలు, ఎంపిక

ఊహలు పుట్టించే రోజున జట్టులో ప్రతి ఒక్కరూ మాట్లాడుకోకుండా పావుగంట విడివిడిగా గీయాలి. అందరూ కలిసి మొదలుపెడితే గట్టిగా మాట్లాడేవారి ఆలోచన ఒక్కటే బల్ల మీద మిగులుతుంది. గీతలు అందంగా ఉండనక్కరలేదు గాని, మనిషి చేయి ఎక్కడ పడుతుందో, బరువు ఎక్కడ ఆనుతుందో కనపడాలి. జట్టుకు పదకొండు గీతలు వచ్చాయి. వాటిలో నాలుగు చిన్న చక్రాలున్న పలక, వెనక్కి వాల్చి లాగే రెండు చక్రాల బండి, తీసి పెట్టుకునే ఏటవాలు చెక్క, క్యానును గుమ్మం దగ్గరే ఉంచి పంపుకు 9 మీటర్ల గొట్టం తగిలించి నీళ్లనే వంటింటికి పంపడం ముఖ్యమైనవి. ఆ చివరి ఊహ నాకు బాగా నచ్చింది, ఎందుకంటే క్యాను కదలాలని ఎవరూ చెప్పలేదు, నీళ్లు చేరాలి అంతే. అయితే తాగే నీటి గొట్టాన్ని లోపల శుభ్రం చేయడం ఎలా, నడిచే దారిలో అది కాలికి తగిలితే ఎలా అన్న ప్రశ్నలకు వారికి సరైన జవాబు దొరకలేదు.

ఎంచుకోవడానికి బ్రిటన్‌కు చెందిన డిజైన్ ఆచార్యుడు స్టూవర్ట్ పగ్ పేరుతో ప్రసిద్ధమైన పట్టిక చాలు. ఇప్పుడు జరుగుతున్న పద్ధతిని, అంటే చెంబుతో మోయడాన్ని ప్రమాణంగా పెట్టుకుని, ప్రతి ఊహనూ ప్రతి అవసరం విషయంలో దానితో పోల్చి, మెరుగైతే కూడిక గుర్తు, తక్కువైతే తీసివేత గుర్తు, సమానమైతే సున్న వేయాలి. గుర్తులు కూడి ఎక్కువ వచ్చినదాన్ని గుడ్డిగా తీసుకోకండి. ఒక ఊహలో తీసివేత ఎక్కడ పడిందో చూసి, దాన్ని ఇంకో ఊహలోని మంచితో సరిచేయగలమా అని ఆలోచించడమే ఈ పట్టిక వల్ల అసలు లాభం. నాలుగు చక్రాల పలకకూ, రెండు చక్రాల బండికీ పోటీ మిగిలింది. తేల్చింది మాత్రం ఈ కింది లెక్క.

గడప లెక్క

చక్రం గడపకు తగిలి ఆగి ఉన్న దృశ్యాన్ని ఊహించండి. దాన్ని ఎక్కించడానికి అడ్డంగా లాగుతున్నాము. చక్రం నేల నుంచి లేచే ఆ క్షణంలో నేల దాన్ని పైకి తోయడం ఆగిపోతుంది, చక్రానికి ఆనుడు గడప అంచు ఒక్కటే. ఆ అంచు చుట్టూ చక్రాన్ని తిప్పే రెండు ప్రభావాలు (మొమెంట్లు) పోటీపడతాయి. ఒక్కో ప్రభావం అంటే బలాన్ని దాని చేతి పొడవుతో, అంటే అంచు నుంచి ఆ బలం గీతకు ఉన్న దూరంతో గుణించగా వచ్చేది. లాగే బలం చక్రాన్ని గడప మీదికి తిప్పాలని చూస్తుంది, దాని చేతి పొడవు ఇరుసు నుంచి అంచుకు ఉన్న నిలువు దూరం, అంటే వ్యాసార్థంలో నుంచి గడప ఎత్తు తీసివేస్తే మిగిలేది. బరువు చక్రాన్ని వెనక్కి తిప్పుతుంది, దాని చేతి పొడవు ఇరుసు నుంచి అంచుకు ఉన్న అడ్డ దూరం, దీన్ని పైథాగరస్ సూత్రంతో కనుక్కోవచ్చు. రెండూ సమానమయ్యే చోట, అడ్డ దూరాన్ని నిలువు దూరంతో భాగిస్తే బరువుకు ఎన్ని రెట్ల బలంతో లాగాలో వస్తుంది.

ఇప్పుడు అంకెలు వేద్దాం. నీళ్లు 20 కిలోలు, క్యాను, బండి కలుపుకుని, చేతి మీద పడే కొంత తీసివేస్తే చక్రాల మీద సుమారు 22 కిలోలు ఉంటుందనుకుందాం. గడప 2.5 సెంటీమీటర్లు. బజారులో దొరికే పలక బండి చక్రాలు చాలావాటికి వ్యాసార్థం 2.5 సెంటీమీటర్లే ఉంటుంది. అప్పుడు నిలువు దూరం సున్న, కాబట్టి అడ్డంగా ఎంత బలంతో లాగినా చక్రం ఎక్కదు. వ్యాసార్థం 5 అయితే నిలువు దూరం 2.5, అడ్డ దూరం 4.33. అంటే బరువుకు 1.73 రెట్ల బలం, 38 కిలోల లాగుడు కావాలి. వ్యాసార్థం 10 అయితే నిలువు 7.5, అడ్డం 6.6, బలం బరువులో 0.88 వంతు, అంటే 19 కిలోలు. అడ్డంగా కాకుండా ఏటవాలుగా పైకి లాగితే అత్యంత అనుకూలమైన కోణంలో ఇది 14.5 దాకా దిగుతుంది. చక్రం రెట్టింపు అయితే శ్రమ సగమైంది. నాలుగు చిన్న చక్రాల పలక ఎంత చవకైనా ఎందుకు పనికిరాదో ఈ నాలుగు వరుసల లెక్క చెప్పింది, దాన్ని తయారుచేసి చూడవలసిన ఖర్చు తప్పింది.

అయితే 19 అన్నా 14.5 అన్నా మామ్మగారి 8 కన్నా ఎక్కువే. లెక్క ఇలా ఎదురుతిరిగినప్పుడు విద్యార్థులు అంకెను కాస్త అటూ ఇటూ సర్దడానికి ప్రయత్నిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. తీరని అవసరాన్ని ఎర్ర సిరాతో చుట్టి ముందుకు వెళ్లండి, నమూనా చేసేటప్పుడు దారి దొరకవచ్చు.

అట్ట నుంచి వర్క్‌షాపు దాకా

మొదటి నమూనా అట్టపెట్టెలతో, టేపుతో, అసలు కొలతల్లోనే చేయండి. దాని మీద బరువు పెట్టలేరు, కానీ పిడి ఎత్తు సరిపోతుందా, బండి తలుపు సందులో పడుతుందా, వంటింటి మూలలో తిరుగుతుందా అన్నవి ఒక్క సాయంత్రంలో తెలిసిపోతాయి. జట్టు పిడిని తమ ఎత్తుకు తగ్గట్టు 110 సెంటీమీటర్ల దగ్గర పెట్టింది. మామ్మగారి మోచేయి అంతకన్నా కిందికే ఉందని అట్ట నమూనాతో తెలిసి 95 కు దించారు. క్యాను బరువు కేంద్రం ఇరుసుకు ముందు సుమారు 16 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి, 95 ఎత్తున పిడి పట్టుకుని వెనక్కి వాల్చడానికి 4 కిలోల లోపు బలం చాలునని తులాదండం లెక్కతో సరిచూసుకున్నారు.

ఆ తరువాతే వర్క్‌షాపు. మొదటి సంవత్సరంలో మీరు చేసే కార్పెంటరీ, ఫిట్టింగ్, టిన్ స్మితీ (రేకు పని) పనులు ఇక్కడ ఉపయోగపడతాయి. జట్టు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వీపుపలక, క్యాను ఆనడానికి కింద ఇనుప రేకు పాదం, హార్డ్‌వేరు దుకాణంలో కొన్న 20 సెంటీమీటర్ల వ్యాసం గల రబ్బరు చక్రాలు, ఇరుసుకు ఇనుప కడ్డీ వాడింది. కుర్రాడి షరతు ప్రకారం పాదం నేలకు 2 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంది. డ్రిల్లు దగ్గర కళ్లద్దాలు పెట్టుకోవడం, వదులు చొక్కా చేతులు మడుచుకోవడం, జుట్టు ముడి వేసుకోవడం విషయంలో వర్క్‌షాపు సార్ చెప్పినదే చివరి మాట.

పరీక్ష

పరీక్షను తయారీ అయ్యాక చేసే లాంఛనంగా చూడకండి. 14 వారాల్లో కనీసం మూడు వారాలు దీనికి విడిగా ఉంచండి. మొదట క్యానులో 5 లీటర్లే పోసి, తరువాత 10, ఆఖరున 20 లీటర్లు పోసి పరీక్షించాలి. పలకల నేల మీద నీళ్లు ఒలికితే జారిపడే ప్రమాదం ఉంది కాబట్టి పక్కన ఇద్దరు, చేతిలో తుడుపుగుడ్డ ఉండాలి. ఒక్కసారి దాటితే దాటినట్టు కాదు. ప్రతి స్థితిలోనూ ఇరవైసార్లు లాగి, త్రాసు చూపిన అత్యధిక అంకెను ప్రతిసారీ రాసుకోవాలి.

నిండు క్యానుతో, నేరుగా గడపకు ఎదురుగా లాగినప్పుడు త్రాసు 17 కిలోల దగ్గర నిలిచింది. లెక్క చెప్పిన 19కీ 14.5కీ మధ్యలో ఇది పడింది కాబట్టి లెక్క సరైనదే. బండి మాత్రం అవసరం తీర్చలేదు. ఆ సాయంత్రం జట్టు మొహాలు వాడిపోయి ఉన్నాయి. మరునాడు బండిని మామ్మగారింటికి తీసుకెళ్లి, ఏమీ నేర్పకుండా ఆవిడ చేతికే ఇచ్చి చూడమన్నాను. ఆవిడ గడప దాకా వచ్చి, ఒకసారి లాగి చూసి, బండిని కాస్త పక్కకు తిప్పారు. కుడి చక్రం ముందు గడప ఎక్కింది. తరువాత పిడిని ఇటు తిప్పి ఎడమ చక్రాన్ని ఎక్కించారు. బియ్యం బస్తాను మూల మూలగా జరిపినట్టు, ఎవరూ చెప్పకుండానే ఆ పని చేశారు. ఒక్కో చక్రం విడిగా ఎక్కితే ఒక్కోసారి ఎత్తవలసింది బరువులో సుమారు సగమే. త్రాసు తగిలించి చూస్తే 9 కిలోలు చూపింది.

ఎనిమిదికి తొమ్మిది చాలా దగ్గరే, అయినా చేరలేదు. విద్యార్థులు మళ్లీ అదే లెక్కకు వెళ్లారు. వ్యాసార్థం 12.5 అయితే నిలువు దూరం 10, అడ్డ దూరం 7.5. నేరుగా లాగితే బరువులో 0.75 వంతు, అనుకూల కోణంలో 0.6 వంతు. ఒక్కో చక్రం చొప్పున దాటిస్తే ఇది 8.3కీ 6.6కీ మధ్య ఉంటుంది. చక్రాలు మార్చి 25 సెంటీమీటర్ల వ్యాసం గలవి వేశారు. కొత్త చక్రాలతో ఇరవైసార్లు లాగితే పద్దెనిమిదిసార్లు 8 లోపల వచ్చింది. మిగిలిన రెండుసార్లు తాను బండిని సరిగా వాల్చలేదని లాగిన విద్యార్థి ఒప్పుకున్నా, ఆ రెండు అంకెలను కొట్టివేయవద్దని చెప్పాను. వాడేవారు కూడా ఒక్కోసారి సరిగా వాల్చరు కదా.

మీ పరీక్షలో వాడేవారు మీరు అనుకోని పని ఏదైనా చేస్తే, వెంటనే సరిదిద్దబోకుండా చేతులు కట్టుకుని చూడండి. ఆ తరువాత అడగండి, రాసుకోండి.

డ్రాయింగు, మార్పులు

ఇంజినీరింగ్ గ్రాఫిక్స్‌లో నేర్చుకున్న ముందు, పై, పక్క దృశ్యాలు ఇక్కడ నిజంగా అక్కరకొస్తాయి. బండిని ఎప్పుడూ చూడనివారు ఎవరైనా మీ డ్రాయింగు పట్టుకుని అదే బండిని మళ్లీ చేయగలిగితే అది సరైన డ్రాయింగు. కొలతలు మిల్లీమీటర్లలో, ఒక్కో కొలత ఒక్కచోటే ఉండాలి. ఏ మార్పు చేసినా డ్రాయింగులో మార్పు సంఖ్య, తేదీ, కారణం రాసి, మార్పు వల్ల ఏ భాగం మీద బరువు పెరిగిందో మళ్లీ లెక్క చూడాలి.

ఈ చివరి సూచనకు పెద్ద కారణం ఉంది. అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటలు హాలులో రెండో అంతస్తు, నాలుగో అంతస్తు నడక వంతెనలు ఒకదాని కింద ఒకటి వేలాడేవి. మొదటి డిజైన్ ప్రకారం పైకప్పు నుంచి దిగే ఒకే పొడవాటి కడ్డీ రెండింటినీ మోయాలి. నిర్మాణానికి వీలుగా ఉంటుందని దాన్ని రెండు కడ్డీలుగా మార్చి, కింది వంతెనను పై వంతెన దూలం నుంచే వేలాడదీశారు. ఒకే తాడును ఇద్దరు మనుషులు విడివిడిగా పట్టుకుని వేలాడడానికీ, పైవాడి కాళ్లు పట్టుకుని కిందివాడు వేలాడడానికీ ఉన్న తేడా అది. తాడు మీద బరువు ఒక్కటే గాని, పైవాడి చేతుల మీద రెట్టింపు. పై వంతెన దూలం కింద ఉన్న నట్టు దగ్గర అదే జరిగింది. 1981 జూలై 17న ఆ వంతెనలు కూలి 114 మంది చనిపోయారు. కాగితం మీద అది చాలా చిన్న మార్పు. మా జట్టు చక్రాలను పెంచినప్పుడు ఇరుసు 2.5 సెంటీమీటర్లు పైకి జరిగింది, పాదం నేలకు దగ్గరగానే ఉండాలంటే ఇరుసు బిగింపు రంధ్రాలు ప్లైవుడ్‌లో పైకి మార్చాలి. పాత రంధ్రాల పక్కనే కొత్తవి వేస్తే చెక్క బలహీనమవుతుందని గమనించి, వెనుక ఒక ఇనుప పట్టీ అదనంగా వేశారు. ఆ పట్టీ సంగతి మార్పు సంఖ్య 3గా డ్రాయింగులో ఉంది.

రిపోర్టు, వైవా

రిపోర్టులో అందరూ పరిచయానికి నాలుగు పేజీలు ఇచ్చి, పరీక్ష ఫలితాలకు అర పేజీ ఇస్తారు. దాన్ని తిరగేయండి. పరిచయానికి అర పేజీ చాలు. అవసరాల పట్టికను మళ్లీ వేసి, ప్రతి వరుస పక్కన కొలిచిన అంకెనూ, తీరిందా లేదా అన్నదీ రాయండి. తీరనివి ఉంటే అవి ముందుగా కనపడేలా ఉంచండి. ఖర్చు పట్టికలో పాత సామాను నుంచి తెచ్చిన వాటికి కూడా బజారు ధర వేయాలి, లేకపోతే రెండో బండి ఎంతకు అవుతుందో తెలియదు.

వైవాలో, అంటే నోటి పరీక్షలో, పరీక్షకులు జట్టులో ఎవరినైనా ఏ భాగం గురించైనా అడగవచ్చు. చక్రాలు కొన్న విద్యార్థికి గడప లెక్క రావాలి, లెక్క చేసిన విద్యార్థినికి పాదం రేకు మందం తెలియాలి. అందుకు ముందు రోజు నోటుపుస్తకం మొదటి పేజీ నుంచి జట్టంతా కలిసి ఒకసారి చదువుకుంటే సరిపోతుంది.

మార్కులు వచ్చాక బండిని ల్యాబులో మూలన పెట్టకుండా, ఎవరి కోసం చేశారో వారింట్లో రెండు వారాలు ఉంచి, మళ్లీ వెళ్లి చూడండి. మా జట్టు వెళ్లేసరికి ఎడమ చక్రం ఇరుసు పిన్ను సగం బయటికి వచ్చి ఉంది, పిడికి మామ్మగారు ఒక పాత చీర ముక్క చుట్టుకుని ఉన్నారు, రేకు పాదం అంచున తుప్పు మొదలైంది. పిన్ను స్థానంలో మరమేకు వేశారు, పాదానికి తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు పూశారు, పిడికి రబ్బరు తొడుగు వేయబోతే చీర ముక్కే బాగుందని ఆవిడ అన్నారు. ఆ మూడు సంగతులూ తేదీ వేసి నోటుపుస్తకం చివరి పేజీలో రాసి, ఐదుగురూ సంతకాలు చేసి నాకు అప్పగించారు.